మూత

పోయిన సోమవారమే ఆ ఫారం నింపాను.
ఇరవై ప్రశ్నలు.
వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టవచ్చా?
కూడదు.
గుచ్చుకుంటే వేలు పిండాలా?
పిండకూడదు.
మందు ఎప్పటిలోగా మొదలుపెట్టాలి?
రెండు గంటల్లో అయితే మేలు,
డెబ్భై రెండు దాటితే వేసుకున్నా ఒకటే.
పద్దెనిమిది మార్కులు.
మా బ్యాచ్‌లో నాకంటే తెలిసినవాళ్ళు ఇద్దరే.

గురువారం పదకొండుంబావుకి
మూడో నంబరు కుర్చీలో ఏకాంబరం.
పులియాంతోపు దర్జీ. కింది దవడలో పుచ్చిన పన్ను.
నోరు తెరవమంటే తెరవకుండా
"మీ కోటు కాలరు వంకరమ్మా, ఎవడు కుట్టినాడు?" అన్నాడు
అరవం కలిసిన మద్రాసు తెలుగులో.
బయట బెంచీ మీద ఇంకా తొమ్మిది మంది.
నాకింకా నాలుగు పళ్ళు పీకితే కోటా పూర్తి.
మత్తు ఇచ్చాను.
నవ్వుతూనే సూదికి మూత పెట్టాను,
రెండు చేతులతో.

చేతులకు చదువు రాదు.

ఎడమ చూపుడువేలు, గ్లవ్ కింద
ఆవగింజంత ఎరుపు.
నొప్పి లేదు. ఉంటే బాగుండేది,
ఏదో ఒకటి జరిగినట్టుండేది.

లారీ నీళ్ళు, కుళాయిలో సన్నటి ధార.
పిండకూడదని తెలిసిన వేలిని
రెండో చెయ్యి పిండుతూనే ఉంది.
హౌస్ సర్జన్ ఇళవేనిల్ వచ్చి
నా చేతిని నా చేతిలోంచి విడిపించింది.
"పేషంటుని అడిగావా?"

ఎలా అడగాలో ఫారంలో లేదు.

సగం మొద్దుబారిన పెదవితో అతను
నా మొహం చూడలేదు, వేలు చూశాడు.
"తొమ్మిదేళ్ళమ్మా. దినమూ మాత్ర వేసుకుంటా ఉండా.
పోయినేడు చూస్తే రక్తంలో కనబడలేదన్నారు.
రెండు ఆస్పత్రుల్లో నిజం చెప్పినా.
ఒకచోట రేపు రమ్మన్నారు.
ఇంకోచోట డాక్టరు లీవన్నారు,
అద్దంలోంచి కనబడతానే ఉండాడు.
పన్ను లీవు పెట్టలేదు గదా.
అందుకే ఈ తూరి నోరు తెరిచినా గానీ
నోరు విప్పలేదు."

కోపం వచ్చింది.
రాలేదని ఇప్పుడు రాసుకోవడం తేలిక.

జీహెచ్‌లో కౌన్సెలర్ వేళ్ళు మడిచి చెప్పింది:
వెయ్యిలో ముగ్గురికి. అదీ మందు వాడనివాళ్ళ రక్తమైతే.
ఇతనిది ఇంకా తక్కువ.
మిగిలిన తొమ్మిది వందల తొంభై ఏడు మందిలో
నన్ను వెతుక్కుంటూ ఆటోలో కూవం దాటాను.

ఇరవై ఎనిమిది రోజులు.
రాత్రి తిన్నాక మాత్ర, తెల్లారగట్ల వికారం.
ఆరో రోజు డబ్బా మీద పేరు చదివింది రూమ్మేట్ ప్రణుత.
ఏమీ అనలేదు.
ఆమెకు ఆ ఫారంలో పంతొమ్మిది.
మర్నాడు ఆమె స్టీలు గ్లాసు
కిటికీ గట్టు మీంచి బీరువాలోకి వెళ్ళింది.
తాళం పడిన చిన్న చప్పుడు.

అద్దంలోంచి కనబడతానే ఉండాడు,
అన్న మాట అప్పుడు వినబడింది నాకు.

ఎనిమిదో రోజు కుట్లు విప్పించుకోడానికి వచ్చి
ఖాళీ కుర్చీలు వదిలి నా దగ్గరే నిలబడ్డాడు.
"మాత్ర మరవకుండా వేసుకుంటా ఉండావా?
కడుపులో తిప్పితే మజ్జిగన్నం తిను. పది దినాల్లో సర్దుకుంటాది."
ఈ చదువులో నాకు తొమ్మిదేళ్ళ సీనియర్.
తన చూపుడువేలు చూపించాడు,
జల్లెడలా, పాత మచ్చల మీద కొత్త మచ్చలు.
"మాకు అంగుస్తాన్ ఉంటాది. అయినా గుచ్చుకుంటాది.
తెలీక కాదమ్మా, తొందరలో."

ట్రేలో మూతను పడుకోబెట్టి
ఒంటిచేత్తో సూదిని అందులోకి నడిపించడం
ఇప్పుడు నా చెయ్యి నేర్చుకుంటోంది.
రక్తపరీక్షకు ఇంకా వారాలున్నాయి.

ఫారంలో పదిహేడో ప్రశ్న:
వైరస్ ఉన్న రోగికి మీరు చికిత్స చేస్తారా?
ఆలోచించకుండా టిక్కు పెట్టాను ఆవేళ.
ఆ టిక్కు కోసం అతను మూడు ఆస్పత్రులు తిరిగాడు.

కోటు పులియాంతోపులో ఉంది.
కాలరు విప్పి మళ్ళీ కుడతానన్నాడు.
శనివారం రమ్మన్నాడు.